మామిడి సీమకు చేరిన నిధుల దీవి

విజయవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో ఆగిరిపల్లి దగ్గర శోభనాచలం కనిపిస్తుంది. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కొండ దిగితే మామిడి తోటలు. ఆ దారే నూజివీడు దాటి విస్సన్నపేటకు పోతుంది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఆగిరిపల్లి, నూజివీడు ఏలూరు జిల్లాలో, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాయి. అంతకుముందు అదంతా కృష్ణా జిల్లా మెట్ట. రసాలు, బంగినపల్లి, తోతాపురి కాసే నేల. ఇక్కడి పిల్లవాడికి సముద్రం దూరపు సంగతి. తెరచాప, లంగరు, చుక్కాని వంటి మాటలు కథల్లో వినవలసిందే.

ఇంగ్లీషు బాలసాహిత్యంలో అన్నిటికన్నా పేరుపడ్డ సముద్ర నవలను తెలుగు పిల్లలకు అందించిన మనిషి ఈ మెట్టసీమలోనే పుట్టారు. ఆయన నండూరి రామమోహనరావు. పుట్టింది విస్సన్నపేటలో, 1927 ఏప్రిల్ 24న. ఆ తెలుగు పుస్తకం ‘కాంచన ద్వీపం’. మూలం ‘ట్రెజర్ ఐలండ్’, రచయిత స్కాట్లండుకు చెందిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. నండూరి గారిని మనవాళ్ళు సంపాదకుడిగా, విజ్ఞాన రచయితగా గుర్తుపెట్టుకున్నారు. పిల్లల నవలలు తెచ్చిన మనిషిగా తలుచుకునేవారు తక్కువ. స్టీవెన్‌సన్‌కూ ఒక కాలంలో దీనికి దగ్గరి అన్యాయమే జరిగింది. అందుకే ఈ రెండు జీవితాలనూ ఒకచోట చెప్పడం అవసరం అనిపించింది.

స్టీవెన్‌సన్ 1850 నవంబరు 13న ఎడిన్‌బరోలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. ఆ ఇంటి వృత్తి దీపస్తంభాలు కట్టడం. తాత రాబర్ట్ స్టీవెన్‌సన్ ఉత్తర సముద్రంలో, పోటు వస్తే మునిగిపోయే రాతి మీద బెల్‌రాక్ దీపస్తంభం నిలబెట్టాడు. అందులో 1811లో మొదటిసారి దీపం వెలిగింది. తండ్రి థామస్‌దీ అదే పని. కొడుకూ అందులోకే రావాలని తండ్రి ఆశ. కానీ పిల్లవాడిది చిన్నప్పటి నుంచి రోగిష్ఠి ఒళ్ళు. ఊపిరితిత్తుల బలహీనతతో చలికాలాలు చాలావరకు మంచం మీదే గడిచేవి. పక్కన కూర్చుని బైబిలు కథలూ, మతం కోసం ప్రాణాలిచ్చిన స్కాట్లండు వీరుల గాథలూ చదివి వినిపించింది దాది ఆలిసన్ కనింగ్‌హామ్. పెద్దయ్యాక ‘ఎ చైల్డ్స్ గార్డెన్ ఆఫ్ వర్సెస్’ అన్న బాలగేయాల పుస్తకాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు.

1867లో ఇంజనీరింగు చదువుకని విశ్వవిద్యాలయంలో చేరాడు. సెలవుల్లో తండ్రి పనులు సాగే రేవులకూ దీవులకూ వెళ్ళేవాడు. 1870లో ఎరైడ్ అనే చిన్న దీవిలో కొన్ని వారాలున్నాడు. పదహారేళ్ళ తర్వాత ‘కిడ్నాప్డ్’ నవలలో కథానాయకుడు ఓడ పగిలి కొట్టుకొచ్చి పడేది ఆ దీవి మీదనే. దీపస్తంభాల వెలుగు గురించి రాసిన ఒక పత్రానికి 1871లో వెండి పతకం కూడా వచ్చింది. ఆ ఏడాదే ఇంజనీరింగు వద్దని తండ్రికి చెప్పేశాడు. రాజీ మార్గంగా న్యాయశాస్త్రం చదివి 1875లో బారులో చేరాడు గాని, వకీలుగా స్థిరపడలేదు. రాయడమే పని అనుకున్నాడు. ఆ పని అన్నం పెట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

1876లో ఫ్రాన్సులో ఫానీ ఆస్బోర్న్ పరిచయమైంది. ఆమె అమెరికన్, వయసులో పదేళ్ళు పెద్దది, అప్పటికే వివాహిత, పిల్లల తల్లి. ఆమె కోసం 1879లో వలసవాళ్ళ ఓడలోనూ రైల్లోనూ పడి కాలిఫోర్నియా చేరి, దారి కష్టానికి చావు అంచుల దాకా వెళ్ళాడు. 1880 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్ళి జరిగింది. ఆమెతో పాటు కొడుకు లాయిడ్ కూడా ఆయన సంసారంలోకి వచ్చాడు. సాహిత్య చరిత్రకు సంబంధించినంత వరకు ఆ పెళ్ళిలో ముఖ్యమైన మనిషి ఈ కుర్రవాడే.

1881 వేసవి చివర కుటుంబమంతా స్కాట్లండు కొండల్లోని బ్రేమార్ ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. వాన విడవలేదు. లాయిడ్‌కు పదమూడేళ్ళు. బయటికి పోయే వీలులేక ఇంట్లో రంగులతో బొమ్మలు వేస్తున్నాడు. సవతి తండ్రి కూడా పక్కన చేరి ఒక దీవి పటం గీశాడు. రేవులు, గుట్టలు గీసి వాటికి పేర్లు పెట్టాడు. నిధి పాతిపెట్టిన చోట గుర్తు వేశాడు. పటం ముందు పుట్టింది, దాన్ని చూస్తూ కథ పుట్టింది. పిల్లవాడి షరతు ఒకటే, కథలో ఆడవాళ్ళు ఉండకూడదు. రోజుకొక అధ్యాయం చొప్పున రాసి, ఆ రోజు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించేవాడు. ఇష్టంలేని వృత్తి వదిలేసినందుకు కొడుకు మీద బెంగపెట్టుకున్న తండ్రి థామస్ కూడా ఆ కథలో కూరుకుపోయాడు. చనిపోయిన నావికుడి పెట్టెలో ఏమేం వస్తువులు ఉండాలో ఆయనే ఒక జాబితా రాసి ఇచ్చాడు. దొంగల ఓడకు ‘వాల్రస్’ అన్న పేరూ ఆయన పెట్టిందే.

పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు సాగి కలం ఆగిపోయింది. ఆ చలికాలం ఆరోగ్యం కోసం స్విట్జర్లండులోని డావోస్ వెళ్ళాక గాని మిగతాది రాలేదు. అప్పటికే కథ అచ్చులో మొదలైపోయింది. బ్రేమార్‌కు అతిథిగా వచ్చిన అలెగ్జాండర్ జాప్ అనే పండితుడు రాతప్రతిని లండన్ తీసుకెళ్ళి ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల వారపత్రిక యజమాని జేమ్స్ హెండర్సన్‌కు ఇచ్చాడు. 1881 అక్టోబరు 1 నుంచి 1882 జనవరి 28 దాకా వారం వారం వచ్చింది. పేరు స్టీవెన్‌సన్‌ది కాదు, కెప్టెన్ జార్జ్ నార్త్ అన్న మారుపేరు. పత్రిక అమ్మకం ఆ కథ వల్ల పెరగలేదు. దాని తర్వాత అదే పత్రికలో ఆయన రాసిన ‘బ్లాక్ యారో’ను ఆ పాఠకులు ఎక్కువ మెచ్చుకున్నారు.

1883 నవంబరులో కాసెల్ సంస్థ ‘ట్రెజర్ ఐలండ్’ను పుస్తకంగా వేసింది. అందుకు ఆయనకు ముట్టింది 100 పౌండ్లు. కథకు తల్లివేరైన ఆ పటం ప్రచురణకర్తల దగ్గర పోయింది. కథలోని ప్రతి దూరాన్నీ ప్రతి దిక్కునూ మళ్ళీ సరిచూసుకుంటూ, తండ్రి కార్యాలయంలో కొత్త పటం గీయించవలసి వచ్చింది. వానపూట సరదాగా గీసిన దానికీ లెక్కచూసి గీసిన దానికీ ఉన్న తేడా ఆయనను చివరిదాకా బాధించింది. చనిపోయిన ఏడాదే, 1894లో, ‘నా మొదటి పుస్తకం’ అన్న వ్యాసంలో ఈ సంగతులన్నీ రాశాడు.

ఆ వ్యాసంలో ఇంకొక విషయం ఉంది. తన నవలలో ఏది ఎవరి దగ్గర తీసుకున్నాడో స్టీవెన్‌సన్ దాపరికం లేకుండా చెప్పాడు. చిలుక రాబిన్సన్ క్రూసోది. అస్థిపంజరం ఎడ్గార్ ఆలన్ పోది. కట్టెకోట కెప్టెన్ మారియట్‌ది. సత్రంలో దిగిన ముసలి నావికుడూ అతని పెట్టే వాషింగ్టన్ ఇర్వింగ్‌వి. ఒంటికాలి వంటవాడు లాంగ్ జాన్ సిల్వర్‌కు మాత్రం జీవితంలోనే ఒక మూలం ఉంది. అతను క్షయతో కాలు పోగొట్టుకున్న కవి, స్నేహితుడు డబ్ల్యు. ఇ. హెన్లీ. అనువాదం, అనుసరణ అంటే చిన్నచూపు చూసే మన విమర్శకులు ఈ జాబితా చదవాలి. సొంతదనానికి మచ్చుగా చూపించే నవల కూడా ఇన్ని ఇళ్ళ సామానుతో కట్టినదే.

సిల్వర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అప్పటిదాకా ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో అధిక భాగం బుద్ధులు చెప్పే పుస్తకాలు. మంచివాడికి బహుమానం, చెడ్డవాడికి శిక్ష, చివర ఒక నీతి. మనకూ అదే అలవాటు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వచ్చిన నాటి నుంచి తెలుగు పిల్లవాడు బడిలో చదివిన కథ నీతితోనే ముగిసింది. స్టీవెన్‌సన్ ఆ కట్టు తెంచాడు. సిల్వర్ హంతకుడు, మోసగాడు, మాటలమారి. అయినా కథ చెప్పే కుర్రవాడు జిమ్ హాకిన్స్ అతన్ని పూర్తిగా ద్వేషించలేడు. మనమూ ద్వేషించలేం. చివరికి అతను ఒక సంచి నాణేలు పట్టుకుని తప్పించుకుపోతాడు. ఉరికంబం లేదు, పశ్చాత్తాపం లేదు. చెడ్డవాడిలో ధైర్యమూ ఆప్యాయతా ఉంటాయనీ, వాటిని చూసి కూడా అతను చెడ్డవాడని తెలుసుకోవడమే ఎదగడమనీ ఈ నవల పిల్లవాడికి నేర్పుతుంది. ఎక్కడా ఆ మాట అనకుండానే నేర్పుతుంది.

ఆ కథలోకి మన దేశం ఛాయ కూడా పడింది. సిల్వర్ భుజం మీది చిలుక మడగాస్కర్, మలబారు చూసి వచ్చినదట. గోవా నుంచి వెళ్ళే ‘వైస్రాయ్ ఆఫ్ ది ఇండీస్’ మీద దొంగలు పడ్డప్పుడు అక్కడే ఉన్నదట. దీని వెనక చరిత్రలో ఒక ఘటన కనిపిస్తుంది. 1721లో రీయూనియన్ దీవి దగ్గర సముద్రపు దొంగలు ఒక పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. పదవి దిగి స్వదేశానికి వెళ్తున్న గోవా వైస్రాయి అందులో ఉన్నాడు. హిందూ మహాసముద్రంలో వర్తకం పెరిగిన కొద్దీ దోపిడీ పెరిగింది. ఆ వర్తకంలో మన తీరానిదీ పెద్ద భాగమే. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే కోఠీ పెట్టింది. ఆ పాత రేవును 1864 నవంబరు 1 నాటి తుపాను దెబ్బతీసింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. నండూరి గారు చదువుకోవడానికి వెళ్ళేనాటికి అది గత వైభవం మిగిలిన ఊరు.

ఆయన చదువు నూజివీడు, మచిలీపట్నం, రాజమండ్రి ఊళ్ళలో సాగింది. ఈ మూడో ఊరి దగ్గర కాస్త ఆగాలి. బ్రిటిష్ బాలసాహిత్యానికీ తెలుగు నేలకూ ముడి అక్కడ స్టీవెన్‌సన్ పుట్టకముందే పడింది. జూలియా అనే యువతి 1836లో భర్త జేమ్స్ థామస్‌తో కలిసి మద్రాసు వచ్చింది. ఆయనకు రాజమండ్రిలో జడ్జి ఉద్యోగం. ఆమె నవలా రచయిత్రి ఫానీ బర్నీకి చెల్లెలి మనవరాలు. గోదావరి ఒడ్డున ఉన్న కాలంలో తెలుగు నేర్చుకోబోయింది. స్థానిక పిల్లలకు బడి నడిపింది. బజారులో ఒక పఠన మందిరం తెరిపించింది. 1840లో భర్త పోయాడు. 1843లో, పేరు వేసుకోకుండా, ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ ప్రచురించింది. తర్వాత జూలియా మెయిట్‌లండ్‌గా పిల్లల పుస్తకాలు రాసింది. 1852లో ‘ది డాల్ అండ్ హర్ ఫ్రెండ్స్’ అనే బొమ్మ ఆత్మకథ, 1854లో ‘క్యాట్ అండ్ డాగ్’ వచ్చాయి. ఆంధ్రదేశంలో గ్రంథాలయాల చరిత్రను సాధారణంగా 1886 నాటి విశాఖపట్నం నుంచి మొదలుపెడతారు. దానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే రాజమండ్రి బజారులో ఒక గదిలో పుస్తకాలు పెట్టిన ఈమె పేరు ఆ చరిత్ర తొలి పేజీలో ఉండాలని నా అభిప్రాయం.

అదే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1878లో ‘రాజశేఖర చరిత్ర’ను పత్రికలో మొదలుపెట్టారు. గోల్డ్‌స్మిత్ నవల ఆయనకు ప్రేరణ. స్విఫ్ట్ ‘గలివర్’ దారిలో ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశారు. అంటే స్టీవెన్‌సన్ బ్రేమార్‌లో కూర్చున్న నాటికి తెలుగు నవలకు మూడేళ్ళ వయసు. అది కూడా పరాయి పుస్తకం వేలు పట్టుకుని, పత్రికలో వాయిదాలుగా నడక నేర్చింది.

నండూరి గారు చదువయ్యాక 1947-48లో లోకల్ ఫండ్ ఆడిట్ శాఖలో పనిచేశారు. 1948లో ఆ లెక్కల ఉద్యోగం వదిలి మద్రాసులో ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికలో చేరారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో స్థాపించిన వారపత్రిక అది. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక కూడా మొదలైంది. 1950ల నాటికి ఆ వారపత్రిక ఇంటిల్లిపాదీ చదివేది. తండ్రి రాజకీయ వ్యాసం, తల్లి సీరియల్, పిల్లలు బొమ్మలున్న పేజీ. ముళ్ళపూడి వెంకటరమణ అక్కడ సహోద్యోగి. బాపు 1955లో అక్కడే కార్టూనిస్టుగా చేరారు. ఆయనా స్టీవెన్‌సన్ లాగే న్యాయశాస్త్రం చదివి వకీలు కాకుండా పోయినవారే.

తెలుగులో పిల్లల కోసం రాయడం అప్పటికి గట్టిగా వేళ్ళూనుకుంటోంది. న్యాయపతి దంపతుల ‘బాల’ 1945లో, ‘చందమామ’ 1947 జూలైలో వచ్చాయి. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో చందమామలో జానపద సీరియళ్ళ పరంపర మొదలైంది. మాంత్రికులు, పాతాళాలు, రాకుమారులు ఆ లోకం. నండూరి గారు వేరే దారి పట్టారు. మంత్రం లేని సాహసాన్ని ఎంచుకున్నారు. మార్క్ ట్వేన్ ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘రాజు-పేద’, స్టీవెన్‌సన్ ‘కాంచన ద్వీపం’ బాపు బొమ్మలతో ఆంధ్ర వారపత్రిక పాఠకులకు అందాయి.

ఆయన ఎంపికను చూడండి. హక్ ఫిన్ తన కథ తానే చెబుతాడు. జిమ్ హాకిన్స్ కూడా అంతే. రెండూ 1880లలో వచ్చిన పుస్తకాలే. రెండింటిలోనూ ఒక కుర్రవాడు పెద్దల లోకంలోని మోసాన్ని, దయను తన కళ్ళతో చూసి, తన నోటితో చెబుతాడు. ఆ రచయితలిద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం. 1888లో న్యూయార్కు వాషింగ్టన్ స్క్వేర్‌లో ఒక బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. తెలుగులో అంతకుముందు పిల్లవాడు కథకు పాత్ర, శ్రోత. కథ చెప్పే గొంతుగా ఉండటం చాలా అరుదు. నండూరి గారు ఆ గొంతుకు తెలుగు సమకూర్చారు. 1956లో అదే వారపత్రికలో ముళ్ళపూడి ‘బుడుగు’ తన పేరు, తన ప్రతాపం తానే చెప్పుకుంటూ వచ్చాడు. బుడుగు పుట్టుక పూర్తిగా వేరు, ఆ ప్రతిభ ముళ్ళపూడిదే. కానీ ఒకే పత్రికలో, ఒకే దశాబ్దంలో, ఒకే చిత్రకారుడి బొమ్మలతో పిల్లవాడు ‘నేను’ అని మాట్లాడటం మొదలుపెట్టాడన్నది మన గద్య చరిత్రలో నమోదు కావలసిన విషయం.

‘కాంచన ద్వీపం’ వంటి పుస్తకాన్ని తెలుగు చేయడం ఎంత కష్టమో మూలాన్ని పక్కన పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఆరు భాగాలు, ముప్పై నాలుగు అధ్యాయాలు. కథలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని ఓడ మీద నడుస్తాయి. గాలి ఎటు తిరిగింది, పోటు ఎప్పుడు వచ్చింది, లంగరు తాడు ఎంత బిగిసింది అన్నవి అలంకారాలు కావు. వాటిమీదే ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. జిమ్ ఒంటరిగా చిన్న తోలుపడవలో వెళ్ళి ఓడ లంగరు తాడు కోసే ఘట్టంలో నీటి వడి అర్థం కాకపోతే భయమూ అర్థం కాదు. వారపత్రిక పాఠకుడికి అధోజ్ఞాపికలు పనికిరావు. నూజివీడు తోటలో కాపలా మంచె మీద కూర్చుని చదివే పిల్లవాడికి కూడా వాక్యం చదువుతుండగానే అలలు కనిపించాలి. తెలియని వస్తువును తెలిసిన మాటల్లో, వేగం తగ్గకుండా, చిన్న వాక్యాల్లో చెప్పాలి. పాండిత్యం చూపించుకునే చోటు ఇందులో ఎక్కడా లేదు.

ఈ శిక్షణ ఎక్కడ ఫలించిందో నండూరి గారి తర్వాతి పుస్తకాలు చెబుతాయి. 1960 జూలై 1న విజయవాడలో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వాన ‘ఆంధ్రజ్యోతి’ మొదలైంది. నండూరి గారు ఆ ఏడాదే అందులో చేరారు. 1980 నుంచి 1994 దాకా దానికి సంపాదకులు. ఆ పత్రికా జీవితం మధ్యనే జీవపరిణామం మీద ‘నరావతారం’, ఖగోళం మీద ‘విశ్వరూపం’, తత్త్వశాస్త్రాల మీద ‘విశ్వదర్శనం’ రాశారు. డార్విన్, ఐన్‌స్టీన్, కాంట్ చెప్పినవి సామాన్య పాఠకుడికి తెలుగులో అర్థమయ్యేలా రాసిన పుస్తకాలవి. నక్షత్రాల మధ్య దూరాన్నీ కోట్ల సంవత్సరాల కాలాన్నీ అంత తేటగా చెప్పగలిగిన చేయి ఎక్కడ తిరిగిందని అడిగితే, నా జవాబు జిమ్ హాకిన్స్ పడవ దగ్గర అని. మెట్టప్రాంతం పిల్లవాడికి సముద్రం చూపించడమూ, మామూలు పాఠకుడికి విశ్వం చూపించడమూ వేరువేరు పనులు కావు. పిల్లల అనువాదాలు ఆయనకు తీరిక వేళల వ్యాపకమని రాసేవాళ్ళు కాలక్రమాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. అవి ముందు, ఇవి తర్వాత.

స్టీవెన్‌సన్ మిగతా జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకుంటాను. 1886లో ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’, ‘కిడ్నాప్డ్’ రెండూ వచ్చాయి. ‘కిడ్నాప్డ్’ మళ్ళీ ‘యంగ్ ఫోక్స్’లోనే. 1887లో తండ్రి పోయాడు. ఆ ఏడాదే బ్రిటన్ వదిలాడు, మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. 1888లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కి పసిఫిక్ దీవుల్లో తిరిగి, చివరికి సమోవాలో స్థిరపడ్డాడు. అక్కడి జనం ఆయనను తుసితాల, అంటే కథలు చెప్పేవాడు, అని పిలిచారు. వలస ప్రభుత్వాలు వారిపట్ల చేస్తున్న అన్యాయాల మీద 1892లో పుస్తకం రాశాడు. జైల్లో ఉన్నప్పుడు తమను ఆదుకున్నందుకు కృతజ్ఞతగా అక్కడి నాయకులు విడుదలయ్యాక ఆయన ఇంటికి దారి వేశారు. 1894 డిసెంబరు 3న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. వయసు 44. సమాధి వాయేయా కొండ మీద ఉంది.

బతికుండగానే ఆయన పిల్లల నవల పెద్దల వాదంలోకి ఎక్కింది. 1884లో హెన్రీ జేమ్స్ ‘ది ఆర్ట్ ఆఫ్ ఫిక్షన్’ వ్యాసంలో ‘ట్రెజర్ ఐలండ్’ను మెచ్చుకుంటూనే, తాను పిల్లవాడిగా ఉన్నాను గాని నిధి వేటకు ఎన్నడూ వెళ్ళలేదన్నాడు. నిధి వేటకు వెళ్ళని వాడు పిల్లవాడిగా ఉండనే లేదన్న అర్థంలో స్టీవెన్‌సన్ అదే ఏడాది జవాబు రాశాడు. ఆ వాదం నుంచే ఇద్దరికీ స్నేహం కుదిరింది. కానీ తర్వాతి తరం అంత పెద్ద మనసు చూపలేదు. 1924లో లెనార్డ్ వుల్ఫ్ స్టీవెన్‌సన్ పతనం గురించి రాశాడు. ఇంగ్లీషు సాహిత్య విద్యార్థులకు ప్రామాణికమైన నార్టన్ సంకలనంలో 1968 నుంచి 2000 దాకా ఆయనకు చోటులేదు. ఆ ముప్పై రెండేళ్ళూ పిల్లలు మాత్రం ఆయనను చదువుతూనే ఉన్నారు.

నండూరి రామమోహనరావు 2011 సెప్టెంబరు 2న విజయవాడలో కన్నుమూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ముళ్ళపూడి, తర్వాత 2014 ఆగస్టులో బాపు వెళ్ళిపోయారు. నండూరి గారి అనువాదాలు పుస్తకాలుగా తర్వాతి తరాలకూ అందాయి. అయినా వాటిని మొదట వారం వారం చదివించిన పత్రిక పేజీల విలువ వేరు. అప్పటి బొమ్మ పరిమాణం, వాయిదా ఎక్కడ తెగిందో, పక్కన ఏ కథ ఉందో చూపించేవి ఆ పేజీలే. సీరియల్ పేజీలు కత్తిరించి బైండు చేయించుకునే అలవాటు మన ఇళ్ళలో ఉండేది. ఆగిరిపల్లి నుంచి విస్సన్నపేట దాకా, అటు ఏలూరు నుంచి మచిలీపట్నం దాకా పాత పెట్టెల్లో, అటకల మీద 1950ల ఆంధ్ర వారపత్రికలు గాని అలాంటి బైండు పుస్తకాలు గాని ఉన్నవారు దయచేసి తూకానికి వేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాలకో ఇవ్వండి. కనీసం పేజీలు ఫోటో తీసి భద్రపరచండి. తెలుగు బాలల నవల చరిత్ర రాయడానికి కావలసిన సామగ్రి వాటిలో ఉంది.